బెంగళూరులో తేనెపెట్టెలు: దసరా నుంచి సంక్రాంతి దాకా ఏమేం చేసుకోవాలి

మొదటి ఏడాది నేను చేసిన పని చెప్తే నవ్వుకుంటారు. అప్పటికి మిద్దె మీద ఒకటే పెట్టె. నవంబర్‌లో పొద్దున్నే స్వెటర్ వేసుకుని పాలకి పోతున్నా కదా, పాపం ఈగలకి కూడా చలేస్తుంటుందేమో అనిపించి, మంచు దేశంలో ఎవరో పెద్దాయన పెట్టిన వీడియో చూసి అచ్చం ఆయన చేసినట్టే పెట్టె చుట్టూ థర్మోకోల్ అంటించి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి, టేపు కూడా వేసేశా. పది రోజులకి మూత తీస్తే లోపలివైపు నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి, చివరి రెండు తెట్టెలకి బూజు. ఇంకో వారానికి పెట్టె ఖాళీ. చచ్చిపోలేదు, లేచి వెళ్ళిపోయాయి.

హోస్కోటె దగ్గర ఫ్రెండ్ తోటలో పనిచేసే పెద్దాయనకి ఈ సంగతి చెప్పా. వాళ్ళది చింతామణి వైపు, ఇంట్లో తెలుగే. అంతా విని, "సలికి యాడ సస్తాయి సామీ, తడికి సస్తాయి, ఆకలైతే లేసి పోతాయి" అన్నాడు. ఇప్పుడు మిద్దె మీద నాలుగు, ఆ తోటలో ఆరు పెట్టెలున్నాయి. ఈ మూడు నెలలూ నేను చేసే పనులన్నీ ఆ తడి, ఆకలి అనే రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

అసలు తేడా ఎక్కడుందో ముందు చూసుకుందాం, లేకపోతే మీరూ థర్మోకోల్ కొంటారు. చలిదేశాల్లో ఆగస్టులోనే తేనె తీసేసి, ఈగల ఒంటికి పట్టే వరోవా అనే పేలకి మందు వేసి, ఆ తర్వాత చిక్కటి పంచదార పాకం పట్టించి పెట్టెలు మూస్తారు. బ్రిటన్‌లో అయితే ఒక్కో పెట్టెలో 18-20 కిలోల తేనె ఉండాలంటారు, మంచు ఎక్కువ పడే చోట్ల ఇంకా ఎక్కువ. ఎందుకంటే అక్కడ నెలల తరబడి పూలు ఉండవు, ఈగలు ముద్దగా గుమిగూడి ఒంటి వేడితోనే బతకాలి. ఎండాకాలంలో ఆరు వారాలు బతికే కూలి ఈగ అక్కడ చలికాలంలో ఐదారు నెలలు బతుకుతుంది. మన దగ్గర డిసెంబర్ రాత్రి 15-16 డిగ్రీలు, బాగా పడిపోతే ఇంకో మూడు నాలుగు తగ్గుద్ది. బెంగళూరు రికార్డే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మధ్యాహ్నానికి మళ్ళీ ఎండ, కొబ్బరి పూత ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది.

మన ఈగలకి కరువు వచ్చేది వానల్లో, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. దసరా వచ్చేసరికే అవి ఆ కరువంతా అనుభవించి చిక్కిపోయి ఉంటాయి, దాని మీద అక్టోబర్ వానలు. పైగా మనం ఎక్కువగా పెంచేది పుట్టతేనెటీగ, అంటే సెరానా, ఇక్కడి కన్నడం వాళ్ళు తుడువె అంటారు. దీనికి అలక ఎక్కువ, తిండి లేకపోయినా, పురుగు పట్టినా, చీమలు సతాయించినా సర్దుకుని ఇంకో చోటికి పోతుంది. పెద్ద పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగ, అంటే మెల్లిఫెరా, ఇంత సులువుగా పోదు. కింద రాసేదంతా ముఖ్యంగా పుట్టతేనెటీగ గురించే, మెల్లిఫెరాకి వేరేగా ఉన్న చోట చెప్తా.

ముందు మూత తియ్యకుండానే పెట్టెని గమనించండి

వాన లేని రోజు పొద్దున పదింటికి పెట్టె పక్కన కూర్చోండి, ఎదురుగా వద్దు, దారికి అడ్డం. పది నిమిషాలు చాలు. కాళ్ళకి పసుపు పచ్చ ముద్దలు పెట్టుకుని ఈగలు లోపలికి పోతున్నాయంటే పుప్పొడి వస్తోంది, అంటే లోపల పిల్లలున్నాయి, రాణి బహుశా బాగానే ఉంది. ఈగలు తిరుగుతున్నాయి కానీ పుప్పొడి అస్సలు లేదంటే అనుమానించండి. తర్వాత పెట్టెని వెనక నుంచి ఒక చేత్తో కొంచెం పైకి లేపండి. ప్రతి వారం లేపుతుంటే చేతికే బరువు తెలిసిపోతుంది, నేను తూకం కొని ఒక నెల వాడి పక్కన పడేశా. గుమ్మం ముందు పొడి పొడిగా మైనం ముక్కలు, నల్ల ఆవగింజల్లాంటి రెట్టలు పడుంటే మాత్రం ఆ పెట్టె ముందు తెరవాలి, మైనపు పురుగు లోపలికి చేరినట్టే.

పెట్టె తెరవడం

ఎండ ఉన్నప్పుడు, పది నుంచి ఒంటిగంట లోపల. మబ్బు పట్టి ఉంటే వదిలేయండి, ఈగలన్నీ ఇంట్లోనే ఉంటాయి, చిరాగ్గా ఉంటాయి. సెంటు కొట్టుకోవద్దు, నల్ల బట్టలు వద్దు. స్మోకర్‌లో, అంటే పొగ ఊదే డబ్బాలో, కొబ్బరి పీచు, పాత గోనె సంచి ముక్క వేసి రెండు మూడు సార్లు ఊదితే చాలు. పుట్టతేనెటీగకి పొగ ఎక్కువైతే నెమ్మదించకుండా తెట్టెల మీద పరుగులు పెడతాయి, అప్పుడు రాణి కనపడదు.

న్యూటన్ పెట్టె అయితే కింద పిల్లల గదిలో ఏడు ఫ్రేములుంటాయి, అంటే ఈగలు తెట్టె కట్టుకునే చెక్క చట్రాలు. (ఈ పెట్టె తిరుచ్చి ఫాదర్ న్యూటన్ మన ఈగ సైజుకి తగ్గట్టు చేసింది, వందేళ్ళు దాటినా ఇంకా అదే వాడుతున్నాం.) ఒక్కో ఫ్రేమ్ తీసి మూడు చూడండి: గుడ్లు ఉన్నాయా, మూతేసిన పిల్ల తెట్టె మధ్యలో ఒక్కటిగా అతుక్కున్నట్టు ఉందా లేక చిల్లులు చిల్లులుగా ఉందా, పై అంచున తేనె ఎంత ఉంది. గుడ్లు కనపడాలంటే సూర్యుణ్ణి వెనక పెట్టుకుని ఫ్రేమ్ కొంచెం వంచి చూడాలి, గది అడుగున సన్న దారం ముక్కలా నిలబడి ఉంటుంది. గుడ్లు కనిపిస్తే రాణిని వెతుక్కుంటూ కూర్చోవద్దు, మూడు రోజుల కిందటి దాకా ఉన్నట్టే లెక్క.

ఇంకోటి, ఈగలు పూర్తిగా కప్పుకుని ఉన్న తెట్టెలు ఎన్ని అని లెక్కపెట్టి చాక్‌పీస్‌తో మూత లోపల రాసుకోండి. నాలుగు, ఆపైన ఉంటే నాకు దిగుల్లేదు. మూడు ఉంటే తిండి పెట్టి కాపాడుకుంటా. రెండే ఉంటే దాన్ని ఇంకో దాంట్లో కలపడమే, ఎట్లా కలపాలో కింద చెప్తా.

మైనపు పురుగు, అసలు శత్రువు ఇదే

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం గెలిచినట్టు. వానల్లో ఈగలు తగ్గిపోతాయి కదా, తెట్టెలు మాత్రం అన్నే ఉంటాయి, కాపలా లేని తెట్టెల్లోకి మైనపు చిమ్మట రాత్రిపూట దూరి గుడ్లు పెడుతుంది. పురుగు తెట్టె లోపల సొరంగాలు తవ్వుకుంటూ పోయి సాలెగూడులా దారాలు అల్లేస్తుంది, వాటిల్లో ఇరుక్కుని పుట్టబోయే ఈగలు కూడా బయటికి రాలేవు. ఇంతదాకా వస్తే పుట్టతేనెటీగ పోరాడదు, ఇల్లు వదిలేస్తుంది.

కాబట్టి ఈగలు కప్పుకోని తెట్టె ఒక్కటి కూడా పెట్టెలో ఉంచొద్దు. పాత నల్ల తెట్టెలు ముందు తీసేయండి, ఈ ఈగకి కొత్త మైనమే ఇష్టం, ఎట్లాగూ తర్వాత కొత్తది కట్టుకుంటుంది. పై సూపర్, అంటే తేనె దాచుకునే పై గది, ఖాళీగా ఉంటే తీసి పక్కన పెట్టండి. లోపల మిగిలిన ఫ్రేములని ఒక పక్కకి దగ్గరగా జరిపి, ఖాళీ వైపు ఒక చెక్క అడ్డం పెట్టండి, తక్కువ చోటు అయితే వెచ్చగా ఉంచుకోవడం వాటికి సులువు, థర్మోకోల్ చెయ్యాల్సిన పని ఈ చెక్క చేస్తుంది. తర్వాత అడుగు పలక ఊడదీసి చాకుతో గీకి, ఆ చెత్త కింద పడెయ్యకుండా కవర్లో కట్టి దూరంగా పారేయండి, గుడ్లన్నీ అందులోనే ఉంటాయి. మూలల్లో ఎండు గడ్డి మంటతో ఒకసారి సెగ చూపించండి, ఈగలు లేనప్పుడే సుమా. దసరా నుంచి పదిహేను రోజులకోసారి ఈ అడుగు పలక పని తప్పకుండా చేస్తా, ఆయుధ పూజ రోజు బండి కడుగుతూ పెట్టెలకి కూడా పసుపు కుంకుమ పెట్టి అదే రోజు మొదలుపెడతా, గుర్తుంటుంది.

తీసిన మంచి తెట్టెలు జనవరికి మళ్ళీ కావాలి కదా, వాటిని ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టి ఫ్రీజర్‌లో రెండు రోజులు పెట్టండి, గుడ్లు పురుగులు అన్నీ చస్తాయి. బయటికి తీసినాక కవర్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగి, అట్లాగే మూసి దాచండి. మా ఆవిడ ఫ్రీజర్ తెరిచి పచ్చి బఠానీల పక్కన తెట్టె చూసి ఏమందో ఇక్కడ రాయలేను, ఇప్పుడు దానికని ఒక పాత చిన్న ఫ్రిజ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. బాగోలేని తెట్టెలు వేడినీళ్ళలో కరిగించి బట్టలో పిండితే మైనం పైన గడ్డకడుతుంది.

తిండి

సెప్టెంబర్ చివర నుంచి దీపావళి దాకా నేను పంచదార నీళ్ళు ఇస్తా, పంచదార ఎంతో నీళ్ళు అంత. పెట్టెకి ఒకసారికి 200 గ్రాముల పంచదార, వారానికి రెండు సార్లు. నీళ్ళు మరిగించి దించేసి, అప్పుడు పంచదార కలపండి, పాకం పొయ్యి మీద కాగకూడదు. వారం రోజులు వాన పట్టేట్టు ఉండి తెట్టెల పైన తేనె కూడా లేదంటే, చలిదేశం వాళ్ళు ఇచ్చినట్టు రెండు వంతుల పంచదారకి ఒక వంతు నీళ్ళు పోసి చిక్కగా ఇస్తా, పల్చటిదైతే ఆ నీళ్ళన్నీ ఆవిరి చెయ్యడానికే వాటి ఓపిక అయిపోద్ది.

కొబ్బరి చిప్పలో పోసి, దాంట్లో నాలుగు వేప పుల్లలు వేసి, పక్కన పెట్టిన ఖాళీ సూపర్ గదిని తెట్టెలు లేకుండా మళ్ళీ పైన ఎక్కించి, దాంట్లో ఫ్రేముల పైన పెట్టండి. పుల్లలు మరిచిపోతే పొద్దున చిప్పలో పదుల్లో ఈగలు మునిగి ఉంటాయి. ఆరు దాటినాకే పెట్టాలి, పగలు పెట్టొద్దు, ఒక్క చుక్క బయట ఒలికినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. గుమ్మం దగ్గర ఈగలు కలబడి దొర్లుతుంటే అదే దోపిడీ, వెంటనే గుమ్మం ఒకటి రెండు ఈగలు పట్టేంతకి తగ్గించి తడిగుడ్డ ముందు వేలాడదీయండి. నాలుగు పెట్టెలుంటే నాలుగింటికీ ఒకే సాయంత్రం ఇవ్వండి.

బెల్లం మాత్రం పెట్టొద్దు. మనుషులకి మంచిదని నేనూ ఒకసారి పెట్టా, అందులో ఖనిజాలు, మడ్డి ఎక్కువ, ఈగకి అరగదు, గుమ్మం ముందు అంతా గోధుమ రంగు విరేచనాలు. కొన్న తేనె కూడా వద్దు, ఏ ఊరి ఈగల జబ్బు దాంట్లో ఉందో ఎవరికి తెలుసు. ఇంకో మాట, మీరు తియ్యబోయే సూపర్ పెట్టెలో ఉన్నప్పుడు పంచదార నీళ్ళు ఇవ్వొద్దు, అది అక్కడే దాచుకుంటాయి, దాన్ని సీసాలో పోసి తేనె అని అమ్మితే కల్తీనే.

హోస్కోటె తోటలో ఈ బాధ తక్కువ. అక్కడ కొంతమంది ఇంకా రాగి చేల గట్ల మీద వలిసెలు చల్లుతారు, అరకులో ఫోటోలు దిగుతారే, అదే పసుపు పూలు. వలిసెలు పూసినప్పుడు పెట్టె చేతికే బరువెక్కినట్టు తెలుస్తుంది, అప్పుడు పంచదార ఆపేస్తా.

వాన, చీమలు, మిగతా చిల్లర శత్రువులు

పెట్టె గుమ్మం వైపు ఒక వేలు మందం కిందకి వంగి ఉండాలి, లోపల పడిన నీళ్ళు బయటికి పోతాయి. పైన రేకు వేసి రాయి పెట్టండి, రేకు ముందుకి జానెడు పొడుగుండాలి. మూత కింద గాలి కంతలు మూయొద్దు, ఈగల ఊపిరి ఆవిరి అక్కడి నుంచే పోవాలి. అక్టోబర్ తర్వాత వాన గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది, గుమ్మం అటు ఉంటే చిన్న తడిక అడ్డం కట్టండి కానీ పెట్టెని తీసుకుపోయి ఇంకో మూల పెట్టకండి. జరిపితే రోజుకి రెండు మూడు అడుగులు, లేదా ఏకంగా మూడు కిలోమీటర్ల అవతల, మధ్యలో ఎక్కడ పెట్టినా బయటికెళ్ళిన ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి. రంగు వేస్తే బయట మాత్రమే, లోపల వద్దు.

స్టాండ్ కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు అందరూ పెడతారు, కానీ వాన పడి పొంగి, ఆకు ఒకటి పడి వంతెన అయిపోయి, ఒక్క రాత్రిలో ఎర్ర చీమలు పెట్టె ఖాళీ చేస్తాయి. వారానికి రెండుసార్లు గిన్నెలు చూడండి. దోమలు పెరగకుండా నీళ్ళలో రెండు చుక్కల నూనె వేయండి, కొమ్మ ఏదీ పెట్టెకి తగలకుండా కత్తిరించండి. పెద్ద కందిరీగలు ఈ రోజుల్లో గుమ్మం ముందు గాల్లో నిలబడి ఒక్కో ఈగని ఎత్తుకుపోతాయి, బ్యాడ్మింటన్ బ్యాట్ చాలు. మన ఈగ కూడా తక్కువది కాదు, జపాన్‌లో దీని చెల్లెలు లాంటి ఈగలు కందిరీగ చుట్టూ ఉండలా చేరి 46-47 డిగ్రీల దాకా వేడి పుట్టించి చంపేస్తాయి.

వానలు తగ్గగానే కాలనీల్లో దోమల పొగ కొడతారు, ఆ గంట గుమ్మానికి జాలి పెట్టి పైన తడి గోనె కప్పండి, పొగ పోగానే తీసేయండి. దీపావళి రాత్రి కూడా అంతే, చీకటి పడ్డాక జాలి, తెల్లారక ముందే తీసేయాలి. మిద్దె మీద బల్బు ఆపండి, వెలుతురికి వచ్చి రాత్రంతా కొట్టుకుని చస్తాయి.

జబ్బులు

థాయ్ శాక్‌బ్రూడ్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 1991-92లో ఈ వైరస్ దక్షిణాదిలో పుట్టతేనెటీగ పెట్టెల్ని దాదాపు తుడిచిపెట్టేసింది, పాత పెంపకందార్లు ఇప్పటికీ దాని గురించి చెప్తారు. గుర్తు ఏంటంటే పిల్ల పురుగు గదిలో తల పైకెత్తి నిటారుగా చచ్చి ఉంటుంది, పుల్లతో తీస్తే నీళ్ళు నిండిన సంచిలా వేలాడుతుంది. దీనికి మందు లేదు. ఆ తెట్టెలు తీసి తగలబెట్టండి, రాణిని కొన్నాళ్ళు చిన్న పంజరంలో పెట్టి గుడ్లు ఆపండి, ఆ పెట్టె ఫ్రేములు ఇంకో దాంట్లో పెట్టొద్దు, చాకు చేతులు కడుక్కోకుండా పక్క పెట్టె ముట్టుకోవద్దు.

వరోవా పేలతో పుట్టతేనెటీగకి పాత కాపురమే, దులుపుకుంటుంది, పేను పెరిగేది కూడా ఎక్కువగా పోతు ఈగల పిల్లల్లోనే. మెల్లిఫెరా ఉన్నవాళ్ళు మాత్రం అర కప్పు ఈగలు, అంటే దాదాపు 300, జాలి మూత సీసాలో వేసి పంచదార పొడి చల్లి దొర్లించి, పొడిని తెల్ల పళ్ళెంలో దులిపి పేలు లెక్కపెట్టండి. తొమ్మిది దాటితే ఊరుకోవద్దు. ఏ మందు ఎంత అనేది జీకేవీకే వ్యవసాయ యూనివర్సిటీలో తేనెటీగల విభాగం వాళ్ళని అడగండి, యలహంక దారిలోనే కదా, ఒక ఫ్రేమ్ ముక్క కవర్లో పెట్టుకుని పోతే చూసి చెప్తారు.

బలహీనమైన వాటిని కలపడం

రెండు తెట్టెల ఈగలున్న పెట్టెని జాలిపడి సంక్రాంతి దాకా లాగొద్దు, అది పక్క పెట్టెలకి మైనపు పురుగుని పెంచి ఇచ్చే ఫ్యాక్టరీ అవుతుంది. జబ్బు లేదని చూసుకుని, రోజుకి రెండడుగుల చొప్పున బలమైన పెట్టె పక్కకి జరపండి. తర్వాత ఒక సాయంత్రం బలహీనమైన దాంట్లో రాణిని తీసేసి, బలమైన పెట్టె మూత తీసి ఒక న్యూస్ పేపర్ షీటు పరిచి, గుండుసూదితో పది కంతలు పొడిచి, దాని మీద రెండో పెట్టె గది ఎక్కించండి. కాగితం కొరుక్కుని కలిసేలోపు రెండింటి వాసన ఒకటవుద్ది, కొట్టుకోవు. రెండు మూడు రోజుల్లో గుమ్మం ముందు పేపర్ తురుము కనిపిస్తుంది. తెలుగు పేపరే కావాలని రూలేం లేదు, మా ఇంట్లో అదే వస్తుంది కాబట్టి అదే.

తేనె సంగతి

మిద్దె పెట్టెల్లో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నేను చుక్క తేనె తియ్యను. తోటలో వలిసెలు బాగా పూస్తే సూపర్‌లో సగం తీస్తా, సగం వదిలేస్తా, కింద పిల్లల గదిలో తేనె ఎప్పుడూ ముట్టుకోను. ముప్పాతిక భాగం మైనంతో మూత పడ్డ ఫ్రేమ్ మాత్రమే తియ్యాలి. మూత లేని ఫ్రేమ్‌ని అడ్డంగా పట్టి ఒక్కసారి ఝాడిస్తే చుక్కలు రాలితే అది ఇంకా తేనె కాలేదు. తేమ 20 శాతం దాటకూడదని మన ప్రమాణం, పుట్టతేనె వానల్లో దాటేస్తుంది, అట్లాంటిది సీసాలో పోస్తే నెలకే నురగ, పుల్ల వాసన, మూత తియ్యగానే బుస్సుమంటుంది. తేమ కొలిచే చిన్న రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కోండి, నిప్పు పెట్టి చూడ్డం, నీళ్ళలో వేసి చూడ్డం, చీమలు పడతాయా లేదా అని చూడ్డం, ఇవన్నీ ఉత్త మాటలు.

తీసినాక పల్చటి బట్టలో వడగట్టి, స్టీలు డబ్బాలో రెండు మూడు రోజులు మూసి ఉంచితే నురగ, మైనం పైకి తేలతాయి. గాజు సీసాలు ఎండలో బాగా ఆరబెట్టాకే నింపండి. వాన రోజు మూత తెరిచి పెట్టకండి, తేనె గాల్లో తేమ పీల్చేస్తుంది.

డిసెంబర్‌లో మీకు ఫోన్లు వస్తాయి, "అన్నా, నువ్విచ్చిన తేనె అడుగున పంచదార అయిపోయింది" అని. గడ్డకట్టడం కల్తీ కాదు, గ్లూకోజ్ ఎక్కువున్న తేనె ముందే పలుకు కడుతుంది, పొద్దుతిరుగుడు, ఆవాల తేనె ఇంకా తొందరగా. 14 డిగ్రీల దగ్గర ఇది చాలా వేగంగా జరుగుతుంది, మన చలికాలపు రాత్రి వంటింటి కిటికీ గట్టు దాదాపు ఆ లెక్కకే వస్తుంది, సీసా అక్కడి నుంచి తీసి లోపలి అల్మరాలో పెట్టమనండి. కరిగించాలంటే సీసాని వేడినీళ్ళ గిన్నెలో పెట్టాలి, నీళ్ళు 40-45 డిగ్రీలు దాటకూడదు, అంటే మీ వేలు ముంచి ఉంచగలిగేంత. పొయ్యి మీద డైరెక్టుగా పెడితే వాసనంతా పోద్ది. ఏడాది లోపు పిల్లలకి మాత్రం నాకించొద్దని ఇచ్చేటప్పుడే చెప్పేయండి, పెద్దవాళ్ళు అడిగినా సరే, బాట్యులిజం అనే విషజబ్బు ప్రమాదం ఉంది.

భోగి వచ్చేసరికి

జనవరి మొదటి రెండు వారాల్లో పెట్టె మళ్ళీ పూర్తిగా తెరిచి లెక్కపెట్టుకోండి. మూత లోపల చాక్‌పీస్‌తో దసరాకి రాసిన అంకె పక్కనే కొత్త అంకె. లావుగా, నల్లగా పోతు ఈగలు కనిపించడం మొదలైతే పెట్టె బలపడింది, విడిపోయే ఆలోచనలో ఉంది, ఫ్రీజర్ దాటొచ్చిన తెట్టెలతో సూపర్ ఎక్కించే టైమ్ అది. సిల్వర్ ఓక్ ఫిబ్రవరిలో మొదలవుతుంది, ఆ వెనకే మార్చి, ఏప్రిల్లో కానుగ, వేప. పోయినసారి మూడో నంబర్ పెట్టెకి దసరాకి మూడు రాసుకున్నా, భోగి రోజు మూత తీస్తే ఆరు తెట్టెలు నిండా ఈగలు. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పా, "సూపర్ ఎయ్ సామీ, ఇంకా ఫోన్లో ఏం మాట్లాడతావు" అని పెట్టేశాడు.